గుర్రం టైమూ ఇంజను చార్టూ

“వాడు ఎనభైలో పోయాడు అంకుల్. సాఫ్ట్‌వేర్ పట్టేసింది. ఛార్జ్‌షీట్ రాసి పడేశాను” అన్నాడు, పోయిన నెల ఉస్లాపూర్‌లో మా ఇంటికొచ్చి, మా ఆవిడ వేసిన పకోడీలు తింటూ ఒక కొత్త లోకో ఇన్స్‌పెక్టర్.

“డ్రైవర్ని అడిగావా?” అన్నాను.

“అడగడానికేముంది అంకుల్? డేటా హై నా!”

“ఇంజను ఏ షెడ్డుది?”

ఫోను తీసి వెతికాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పకోడీల ప్లేటు పక్కకు జరిపేశాను కూడా. తర్వాత మా ఆవిడ చీవాట్లు పెట్టింది, ఇంటికొచ్చిన పిల్లాడితో అలాగేనా మాట్లాడేదని. ఆ కుర్రాడి మీద కోపం సగమే. మిగతా సగం ఎవరి మీదో ఇది చదివితే తెలుస్తుంది. వాడికి తెలుగు చదవడం సరిగా రాదు, వాళ్ల నాన్న చదివి వినిపిస్తాడని రాస్తున్నాను.

నా సర్వీసు గురించి రాయమంటే అందరూ ఏ ఏడు ఏ పోస్టులో ఉన్నానో రాస్తాననుకుంటారు. అవి నా పెన్షన్ కాగితాల్లో ఉన్నాయి, వాటితో ఎవరికీ పని లేదు. నేను రాసేది ఒక్క అంకె గురించి. ఆ అంకె ఎంత పనికొస్తుందో, ఎంత కొంపలు ముంచుతుందో నాకు నేర్పింది మా రైల్వే ట్రైనింగ్ స్కూలు కాదు, గుర్రప్పందేలు. నవ్వుకుంటే నవ్వుకోండి.

స్పీడెంత?

తెలియనివాళ్ల కోసం ముందు నా పని చెప్తాను. లోకో ఇన్స్‌పెక్టర్ అంటే ఒకప్పుడు డ్రైవరుగా చేసినవాడే. ఇప్పుడు లోకో పైలట్ అంటున్నారు, నా నోటికి డ్రైవర్ అనే వస్తుంది. ఇంజనులో డ్రైవర్ పక్కన నిలబడి ప్రయాణం చేయాలి, వాడు నడిపే తీరు చూడాలి, తప్పులు దిద్దాలి. దానితోపాటు ఇంజనులోని పెట్టె సెకను సెకనుకూ రాసుకున్న స్పీడును దించి, చార్టు గీయించి చదవాలి. ఎక్కడ ఎక్కువ పోయాడు, ఎక్కడ బ్రేకు ఆలస్యంగా వేశాడు, అన్నీ ఆ గీతలో ఉంటాయి.

ఉంటాయని మేం నమ్ముతాం. ఆ నమ్మకంతోనే వచ్చింది చిక్కు. మనిషి చెప్పింది నమ్మం, గీత చెప్పింది నమ్ముతాం. డ్రైవర్ నోరు తెరిచేలోపే “స్పీడెంత?” అంటాం. మా సాహెబ్‌లందరూ అంతే. ప్రమాదం జరిగినా, పశువు తగిలినా, బండి లేటైనా మొదటి ప్రశ్న “స్పీడెంత?” పదహారేళ్లు ఆ ప్రశ్న విని విని నేనూ అదే అడగడం మొదలుపెట్టాను.

నాయుడు నోట్‌బుక్కు

నేను అసిస్టెంట్‌గా చేరిన కొత్తలో రెండేళ్లు అప్పలనాయుడు అనే డ్రైవర్ దగ్గర పని చేశాను. వాళ్లది విజయనగరం వైపు, మాది శ్రీకాకుళం వైపు. రెండు కుటుంబాలూ రెండు తరాల కిందట రైల్వే పనికే బిలాస్‌పూర్ వచ్చాయి. నన్ను తమ్ముడూ అనేవాడు, నేను అన్నా అనేవాణ్ని. ఆయన చేతికి సెకన్ల ముల్లున్న పాత వాచీ ఒకటి ఉండేది. నడుస్తుండగా ఒక కిలోమీటరు రాయి నుంచి ఇంకో రాయి దాకా సెకన్లు చూసుకుని, “నలభయ్యెనిమిది” అనో “ఏభై రెండు” అనో తనలో తాను అనుకునేవాడు. కిలోమీటరుకు నలభై ఎనిమిది సెకన్లంటే గంటకు డెబ్భై ఐదు. “ఎదురుగా మీటరుంది కదన్నా” అంటే, “మీటరుకేటి తెల్సు తమ్ముడూ? రాయి కదల్దు, గడియారం కదుల్తాది. ఆ రెండూ సాలు నాకు” అనేవాడు.

ఆ వాచీ అలవాటు ఆయనకు రైల్వేలో అబ్బింది కాదు. వాళ్ల మేనమామ ఖరగ్‌పూర్‌లో పనిచేసేవాడట. చిన్నప్పుడు కలకత్తా తీసుకెళ్లి గుర్రప్పందేలు చూపించాడు. అంతే, పిచ్చి పట్టుకుంది. స్టేషన్లో పుస్తకాల బండివాడికి చెప్పి రేసు పుస్తకాలు తెప్పించుకునేవాడు. డ్యూటీ లేని రోజు తార్‌బహార్‌లో ఇంటి అరుగు మీద పొడుగాటి నోట్‌బుక్కు ముందేసుకుని కూర్చునేవాడు. ఆయన భార్య రమణమ్మగారు “గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ నేదు” అని ఆయన్ను దెప్పుతూనే టీ ఇచ్చేది.

ఆయన చేసే లెక్క ఇది. ఒక గుర్రం పదహారు వందల మీటర్లు నిమిషం ముప్పై తొమ్మిది సెకన్లలో పరుగెత్తింది. ఇంకొకటి పన్నెండు వందల మీటర్లు నిమిషం పన్నెండులో. రెండూ రేపు పద్నాలుగు వందల పందెంలో కలుస్తున్నాయి. ఏది మేలు? ఉత్త టైములు చూస్తే చెప్పలేం. అందుకని ఒక్కో దూరానికీ మామూలు గుర్రానికి పట్టే టైమును నూరుగా పెట్టుకుని, అంతకంటే తొందరగా వస్తే ఇన్ని మార్కులు ఎక్కువ, ఆలస్యమైతే ఇన్ని తక్కువ అని వేసేవాడు. మోసిన బరువుకు కొంత కలిపేవాడు. చివరికి ఒక్కో గుర్రానికి ఒక్కో అంకె వచ్చేది. అదే స్పీడ్ ఫిగర్.

ఈ అంకె కోసం మా వాళ్లు ఆయన చుట్టూ ఈగల్లా మూగేవాళ్లు. గార్డులు, టికెట్ కలెక్టర్లు, షెడ్డు ఫిట్టర్లు, అందరిదీ ఒకటే మాట, “నాయుడూ, నంబరు చెప్పు.” కలకత్తాలో తెలిసినవాళ్ల చేత కాయించుకునేవాళ్లు. నోట్‌బుక్కులో అన్నిటికంటే పెద్ద అంకె ఏ గుర్రానిదో దాని మీద కాసేవాళ్లు. గెలిస్తే తమ తెలివి, ఓడితే నాయుడి దరిద్రం! ఆయన తల బాదుకునేవాడు.

“ఫిగరుతో గెలిసే గుర్రం దొరకదు తమ్ముడూ” అనేవాడు నాతో. “గెలవనేని గుర్రాలు తెలుస్తాయి, అంతే. పదిట్లో ఆరు కొట్టీగల్ను. మిగిల్న నాలుగూ దేవుడియి.”

ఇంత నిజాయితీగా చెప్పేవాడి మాట ఎవరికీ ఎక్కేది కాదు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే రకాలు. ఆయన వివరంగా చెప్పినవి నాకిప్పటికీ గుర్తున్నాయి. పక్కన ఎవరూ లేకుండా ముందు ఒంటరిగా పరుగెత్తిన గుర్రానికి పెద్ద అంకె వస్తుంది, రేపు పక్కన ఇంకోటి తగులుకుంటే ఆ అంకె గాల్లో కలుస్తుంది. మొదటి సగం అందరూ నెమ్మదిగా నడిపించుకుని చివర్లో ఉరికిన పందెంలో మంచి గుర్రానికీ చిన్న అంకే వస్తుంది. ఆరు నెలల కిందటి అంకె ఆ రోజు గుర్రం సంగతే చెప్తుంది. ఇక ఆ రోజు గెలిపించే ఉద్దేశం జాకీకి ఉందో లేదో ఏ కాగితం మీదా ఉండదు. ఏడాదికి రెండుసార్లు పాస్ మీద కలకత్తా వెళ్లి, చుట్టాలింట్లో తిని, మైదానంలో నాలుగు పందేలు కాసి వచ్చేవాడు నాయుడు. తెచ్చిందీ లేదు, పోగొట్టిందీ లేదు. ఆ రోజుకు పది పందేలుంటే ఆరు ఆడకుండా ఊరుకునేవాడు. ఊరుకోవడానికే ఆయనకు ఫిగర్లు పనికొచ్చేవి. పందేలు ఆడమని నేనెవరికీ చెప్పను. ఆడి ఇళ్లు గుల్ల చేసుకున్నవాళ్లను ఇదే ఊళ్లో చూశాను. ఇప్పుడు ఫోన్లోనే ఎవడో అంకెలు అమ్ముతున్నాడట, కొనేవాళ్లూ ఉన్నారట. ఆ అంకె ఎలా వచ్చిందని ఒక్కడైనా అడుగుతాడా అంటే అడగడు.

ఎనభై

నేను ఇన్స్‌పెక్టర్‌ అయ్యాక ఆరేడేళ్లకు జరిగింది ఈ సంగతి. నాయుడికి రిటైర్మెంటు ఇంకా రెండేళ్లుంది. చాంపా వైపు నుంచి బొగ్గు గూడ్సు ఒకటి తెచ్చాడు. ఆ బండికి డెబ్భై ఐదు దాటకూడదు. చార్టు తీస్తే దారి పొడుగునా ఎనభై మీద గీత గీసినట్టు ఉంది. ఒక చోట పొరపాటున దాటింది కాదు, కావాలని పట్టి నడిపినట్టు ఉంది.

ఉన్నమాట చెప్పుకోవాలి. ఆ నెల అందరి చార్టులూ నేను తీయలేదు. నాయుడిది వెతికి తీశాను. ఆ ముందు వారమే ఎవరో ఆఫీసులో “గుర్రాల పిచ్చోడు, బండిని కూడా గుర్రంలాగే తోలతాడు” అని నవ్వారు, అది నా చెవిలో పడింది. రెండేళ్లు ఆయన పక్కన నిలబడి పని నేర్చుకున్నవాణ్ని, ఆ మాట అన్నవాణ్ని పట్టుకుని కడిగెయ్యాల్సింది పోయి, వెళ్లి చార్టు తీశాను. అధికారం తలకెక్కింది. నా మనిషైనా విడిచిపెట్టనని పదిమందికీ చూపించుకోవాలని తపన. సిగ్గులేకుండా రాస్తున్నాను.

నాయుడు ఇచ్చిన జవాబు మూడు ముక్కలు. మీటరు ఎక్కువ చూపిస్తోంది. నేను వాచీ చూసి డెబ్భై ఐదులోనే నడిపాను. మీటరు సంగతి ముందే ఇంజను లాగ్‌బుక్కులో రాశాను.

ప్రతి ఇంజనులో ఒక లాగ్‌బుక్కు ఉంటుంది. దిగే డ్రైవరు ఇంజనులోని లోపాలు అందులో రాయాలి, షెడ్డువాళ్లు చూసి బాగుచేయాలి. పట్టుబడ్డ ప్రతి డ్రైవరూ మీటరు తప్పని, లాగ్‌బుక్కులో రాశాననే అంటాడు. వంద విన్నాను. ఇది నూటొకటోది అనుకున్నాను. ఆ ఇంజను వేరే షెడ్డుది, అప్పటికే ఎక్కడో తిరుగుతోంది. పుస్తకం తెప్పించే ఓపిక నాకు లేకపోయింది. “జవాబు సంతృప్తికరంగా లేదు” అని రాసి పైకి పంపాను.

శిక్ష ఏమిటంటే మెయిన్‌లైన్ నుంచి దించి యార్డులో షంటింగ్‌కు వేయడం. వినడానికి చిన్నదే. నడిచే డ్రైవరుకు కిలోమీటర్ల మీద భత్యం వస్తుంది, చివరి జీతం తగ్గితే పెన్షన్ జీవితాంతం తగ్గుతుంది. దానికంటే పెద్దది ఇంకోటి ఉంది. ముప్పై ఏడేళ్లు ఒక్క మచ్చ లేకుండా నడిపినవాడు చివరి రెండేళ్లూ పిల్లకాయల ముందు యార్డులో వ్యాగన్లు అటూ ఇటూ తోసుకోవాలి. ఆర్డరు ఇంకా సంతకం కాలేదు గానీ, ఆ రోజు నుంచే నాయుణ్ని యార్డులో పెట్టారు.

సాహెబ్‌గారి గుర్రం

ఆ ఆర్డరు మీద సంతకం పెట్టాల్సిన సాహెబ్ పేరు రాయను. పని తెలిసిన మనిషే. కానీ ఆయనకూ కలకత్తా రేసుల జబ్బు ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఒక శనివారం పిలిచి తలుపు దగ్గరకు వేయించి, “రావ్ సాబ్, మీ నాయుడి దగ్గర స్పీడ్ ఫిగర్లు ఉంటాయట కదా. వచ్చే వారం పెద్ద పందెం ఉంది. జరా పూఛ్ లీజియే” అన్నాడు.

“సర్, ఆయన మీద కేసు నడుస్తోంది” అన్నాను.

“అరే, కేసు వేరు, గుర్రం వేరు” అన్నాడు సాహెబ్.

కాదనలేకపోయాను. ఆదివారం పొద్దున్న తార్‌బహార్ వెళ్లాను. రమణమ్మగారు గుమ్మంలోనే పట్టుకుంది.

“ఏటయ్యా ఈశ్వర్రావూ, మా ఇంటికాడ అన్నం తిన్న నోరే గదా అది? మా ఆయన నోట్లో మట్టి కొట్టీసి మల్లీ ఎందుకొచ్చినావు?”

సంగతి చెప్పాను. ఇంకేం చెప్పను?

“గుర్రం నంబరుకా!” అంది ఆవిడ. “సిగ్గునేదేటి మీకు? ఆ సాహెబుకి నేదు, నీకూ నేదా? ఆ నోట్‌బుక్కు ఇప్పుడే పొయ్యిలో ఎట్టీస్తాను!”

లోపల నుంచి నాయుడు వచ్చి, “ఊరుకోవే, ఆడు సేసిందేటి, పంపితే ఒచ్చినాడు. కూకో తమ్ముడూ” అని కుర్చీ వేశాడు. నోట్‌బుక్కు తెచ్చాడు. అది తెరుస్తున్నంతసేపూ నేను ఆయన మొహం చూడలేకపోయాను.

సాహెబ్ చెప్పిన పందెంలో ఒక గుర్రానికి అన్నిటికంటే పెద్ద ఫిగరు ఉంది. “ఇదే కదన్నా?” అన్నాను, తొందరగా బయటపడదామని.

“కాదు. దీన్ని ఆడొద్దని సెప్పు.”

“అన్నిటికంటే ఎక్కువ ఉంది కదా!”

“ఇది ఈ ఫిగరు తెచ్చుకున్న రోజు మిగతా పందేలు సూడు” అని వేలు పెట్టి చూపించాడు. “ఆ రోజు ఏడు పందేలు. ఏడిట్లోనూ మామూలు కంటే రెండేసి సెకన్లు ముందే ఒచ్చీసినాయి. తట్టుగుర్రాలు కూడా. ఒక్క గుర్రం యేగంగా ఎల్తే ఆ గుర్రం సంగతి. అన్నీ ఒక్కపాలి యేగంగా ఎల్తే అది గుర్రాల సంగతేటి? నేల గట్టిగా ఉండాల, నేదా దూరం తప్పు కొలిసుండాల. అందికే ఆ రోజు ఫిగర్లన్నిట్లోనూ పది కోసీసినాను. కోసినాక ఇది నాలుగోది.”

“అయితే గెలిచేది ఏది?”

“నాకేటి తెల్సు?” అన్నాడు నాయుడు. “ఇది గెలవడం కష్టమని సెప్తన్నాను. ఒక్కదాన్ని పట్టుకుని సూడకు తమ్ముడూ. ఆ రోజు అక్కడ పరుగెత్తినయ్యన్నీ సూడాల.”

టీ తాగాను. అక్కడి నుంచి తిన్నగా ఆఫీసుకు వెళ్లాను, ఆదివారమైనా సరే. ఒక్కదాన్ని పట్టుకుని చూడకు, అన్న మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. నేను నాయుడి చార్టు ఒక్కటే చూశాను. అదే ఇంజను ఆ పక్షం రోజుల్లో ఇంకెంతమంది నడిపారు? వాళ్ల సంగతేమిటి?

ఐదుగురు నడిపారు. ఐదుగురి చార్టుల్లోనూ గీత బుద్ధిగా డెబ్భై ఐదు మీద ఉంది. అది చూసి ముందు మళ్లీ నాయుడిదే తప్పనుకున్నాను. అప్పుడు కంట్రోల్ రిజిస్టర్ తెప్పించుకున్నాను. ఏ స్టేషను ఎన్ని గంటలకు దాటిందో అందులో ఉంటుంది. దారిలో ఒక యాభై కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా వచ్చిన ముక్క పట్టుకున్నాను. డెబ్భై ఐదులో నడిస్తే నలభై నిమిషాలు పట్టాలి. ఆ ఐదుగురికీ నలభై రెండు, నలభై మూడు పట్టింది. ఎనభైలో పోయాడన్న నాయుడికి ముప్పై ఏడున్నర పట్టాలి. నలభై పట్టింది. సరిగ్గా నలభై.

మళ్లీ నాయుడి చార్టు తీశాను. ఆ పెట్టె దూరం కూడా కొలుస్తుంది. యాభై కిలోమీటర్ల ముక్కకు యాభై మూడు అని చూపిస్తోంది, నల్లగా, పెద్ద అంకెలతో. స్టేషన్లు మూడు కిలోమీటర్లు దూరం జరుగుతాయా? అది నా కళ్ల ముందే ఉంది, నేను చూడలేదు. ఎనభై దొరికింది కదా, ఇంకేం కావాలి!

సంగతి చిన్నదే. ఆ పెట్టెకు స్పీడు తెలియదు, చక్రం ఎన్నిసార్లు తిరిగిందో మాత్రమే తెలుసు. చక్రం ఎంత పెద్దదో మనం దానికి చెప్పి పెట్టాలి. చక్రం అరుగుతుంది, షెడ్డులో చెక్కుతారు, చిన్నదవుతుంది. చిన్న చక్రం ఎక్కువసార్లు తిరుగుతుంది. పాత కొలతే పెట్టెలో ఉండిపోతే స్పీడూ ఎక్కువ చూపిస్తుంది, దూరమూ ఎక్కువ చూపిస్తుంది. అంటే ఆరుగురిలో సరైన స్పీడులో నడిపినవాడు నాయుడొక్కడే. కేసు పెట్టింది ఆయన మీద.

నా సంతకం

సాహెబ్‌కు నాయుడు చెప్పిందంతా పూసగుచ్చినట్టు చెప్పాను. “ఆడొద్దన్నాడు సర్” అని రెండుసార్లు అన్నాను. ఆయన పెద్ద అంకె ఏదో అదే విన్నాడు. బావమరిది చేత కాయించాడు. గుర్రం వెనకబడింది. కంట్రోల్ టైముల నకళ్లు చేతికందడానికి నాకు వారం పట్టింది. ఆ పై సోమవారం వాటిని పట్టుకుని నేను వెళ్లేసరికి మనిషి మండిపడుతున్నాడు.

“మీ నాయుడి ఫిగర్లు అన్నీ బక్వాస్!”

“సర్, ఆయన ఆడొద్దనే కదా చెప్పాడు?”

“పక్కన పెట్టండి. ఇదేమిటి?”

చెప్పాను. ఆయన కాగితాలు తిప్పి, “కంట్రోల్ వాళ్లు నిమిషం అటూ ఇటూ రాస్తారు. చార్టు చార్టే. లాగ్‌బుక్కులో రాశానన్నాడు కదా, రాసి ఉంటే తెండి. లేకపోతే శుక్రవారం సంతకం పెట్టేస్తాను” అన్నాడు.

నా కంఠం నాకే కొత్తగా వినిపించింది. “సర్, నేల చూడకుండా గుర్రం ఫిగరు నమ్మి మొన్న పోగొట్టుకున్నారు. చక్రం చూడకుండా ఇంజను ఫిగరు నమ్మితే మనకేమీ పోదు, పోయేది నాయుడికే” అనేశాను. బయటికి పొమ్మన్నాడు. పోయాను.

ఇంజను బుధవారం బిలాస్‌పూర్ వస్తుందని తెలిసింది. మధ్యాహ్నం ఎండలో యార్డుకు వెళ్లి ఎక్కాను. సీటు వెనక అరలోంచి లాగ్‌బుక్కు తీసి పేజీలు తిప్పాను. ఉంది. నాయుడి గుండ్రటి చేతిరాత. కేసు పడిన ప్రయాణానికి తొమ్మిది రోజుల ముందు, అదే ఇంజను మీద వచ్చినప్పుడు రాశాడు. స్పీడోమీటరు ఎక్కువ చూపిస్తోంది, వాచీతో సరిచూశాను, చక్రం కొలత చూడవలెను అని.

దాని కింద ‘చూశాను’ అని ఒక మాట, తేదీ, సంతకం. సంతకం నాది.

నాయుడు అది రాసిన రెండు రోజులకు నేను ఆ ఇంజను ఎక్కాను, వేరే డ్రైవరును చూడటానికి. దిగేముందు అలవాటు ప్రకారం పుస్తకం తెరిచి, ‘చూశాను’ అని సంతకం గీకి దిగిపోయాను. ఏం చూశాను? ఒక్క అక్షరం చూడలేదు. రోజుకు ఐదారు పుస్తకాల్లో అలా పెట్టేవాణ్ని. మేమందరం అంతే. ‘చూశాను’ అనేది మా డిపార్టుమెంటులో చూడనప్పుడు రాసే మాట.

క్యాబులో చాలాసేపు కూర్చున్నాను. ఎవరూ లేరు. ఆ పేజీ ఇస్తే లోపం తెలిసి కూడా ఇన్స్‌పెక్టర్ ఇంజనును లైన్లో తిరగనిచ్చాడని నా మీద పడుతుంది. చింపేస్తే టైములే మిగులుతాయి, వాటిని సాహెబ్ ఒప్పుకోడు. ఏదో ఒకటి చేసి నాయుణ్ని తర్వాత బయటపడేద్దాం, ముందు నేను బతకాలి కదా అని కూడా అనుకున్నాను. అనుకోలేదంటే అబద్ధం. పేజీ అంచు వేళ్ల మధ్య పట్టుకున్నాను కూడా. కానీ పక్కన యార్డులో షంటింగ్ ఇంజను కూత వేసింది. అది నాయుడిదో కాదో నాకు తెలియదు. పుస్తకం చంకలో పెట్టుకుని దిగాను.

గురువారం దాని కాపీ, టైములు, చార్టులోని యాభై మూడు, అన్నీ కలిపి ‘నేను రాసిన రిపోర్టు తప్పు, లోపం ముందే నా కళ్ల ముందుకు వచ్చింది, నేను చదవలేదు’ అని రాసి ఇచ్చాను. సాహెబ్ చాలాసేపు చదివాడు. “ఇది అవసరమా రావ్ సాబ్?” అన్నాడు ఈసారి మెల్లగా. అవసరమే అన్నాను. షెడ్డువాళ్లు చక్రం కొలిచారు. మేం అనుకున్నంతా అరిగి ఉంది. నాయుడి మీద కేసు కొట్టేశారు, మళ్లీ మెయిన్‌లైన్‌కు వేశారు. నాకు రావాల్సిన ఛార్జ్‌షీట్ నాకు వచ్చింది. అది న్యాయమే, దాని గురించి ఏడవను.

మెయిన్‌లైన్ డ్యూటీకి మొదటిరోజు నాయుడు సంతకం పెట్టడానికి లాబీకి వచ్చాడు. బెంచీ మీద పక్కన కూర్చున్నాను.

“అన్నా, ఒక మాట చెప్పాలి. లాగ్‌బుక్కులో నువ్వు రాసినదాని కింద నా సంతకం ఉంది.”

“తెల్సు” అన్నాడు. “రెండోపాలి ఆ ఇంజను ఎక్కినప్పుడే సూసినాను. ఇన్స్‌పెక్టరు సూసినాడు, ఇంక పరవానేదని అప్పుడే మీటరు ఒగ్గీసి వాచీ సూసి నడిపినాను.”

“నేను చదవలేదన్నా. చదవకుండా పెట్టేశాను.”

ఆయన నా వైపు తిరిగాడు. “సదవనేదా?”

“లేదన్నా.”

“ఒక్క ముక్క కూడా సదవనేదా?”

తల అడ్డంగా ఊపాను. నాయుడు భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

“నానేటనుకున్నానంటే తమ్ముడూ, నువ్వు సదివీసి, సంతకం ఎట్టీసి, అన్నీ తెల్సే నా మీద కేసు రాసినావని. ఈడికి నానేటి అపకారం సేసినానా అని నెల్రోజులు రమణమ్మా నానూ ఆలోసించినాం. ఎంత ఆలోసించినా ఏటీ దొరకనేదు.”

ఆ నెల రోజుల్లోనే నేను గుర్రం నంబరు అడగడానికి వాళ్లింటికి వెళ్లింది. నేను తెలిసే చేశాననుకుంటూనే ఆయన నాకు కుర్చీ వేసి, నోట్‌బుక్కు తెచ్చి, లెక్క ఎలా చూడాలో ఓపిగ్గా చెప్పాడు.